కోతులొస్తయ్: సటీకా తాత్పర్యము

మూలము:
“పెరట్ల బీర పెట్టకు బిడ్డా, కోతులొస్తయ్. అంగట్ల కొనుక్కుందం.”

అవతారిక: బోధన్ శక్కర్‌నగర్‌లో ఒకానొక అత్త, విత్తనాల పొట్లము చేతబట్టి నిలిచిన కోడలితో పలికిన వాక్యమిది. ఛందస్సు లేదు. అనుభవము కలదు.

ప్రతిపదార్థము: పెరట్లన్ = ఒకప్పుడు జామచెట్టుండి ఇప్పుడు దాని మొద్దు మాత్రమున్న చోట; బీర = బీరతీగను (చిక్కుడు, టమాటలకును ఇది ఉపలక్షణము); పెట్టకు = నాటకుము; బిడ్డా = ఓ కోడలా; కోతులు = ఏలికలు; వస్తయ్ = విచ్చేయుదురు; అంగట్లన్ = వారపు సంతలో; కొనుక్కుందం = పైకమిచ్చి తెచ్చుకొందము.

టీక: “కోతులనగా ఏలికలని యెట్లు చెప్పితివి?” అని పూర్వపక్షము. ఇంట నేడేమి వండవలెనో నిర్ణయించువాడే ఏలిక అని సమాధానము. ఫ్రెంచి రచయిత పియర్ బూల్ 1963లో, వానరులు మనుషులనేలు గ్రహమును చూపుటకై తన పాత్రలను ఆర్ద్రా నక్షత్రము దాక నౌకలో పంపెను. మనకు ఆరుద్ర కార్తెలో మక్క వేసిన చాలును, ఏలికలే గుంపుగా వత్తురు. వీరి ఖజానా దవడసంచులు. తిన్నంత తిని, తక్కినది అందు నింపుకొని చెట్టెక్కి తీరికగా నములుదురు. మక్క పాలుపోసుకొను వేళకు రైతు మంచె దిగరాదు. పల్లి ఊడబెరుకుదురు. కావలి కాయలేక ఈ పంటలు మానినవారు పల్లె పల్లెనా కలరు. మిగిలినది వరి, పసుపు. కావున విస్తరిలో అన్నము మనది, కూర అంగడిది.

“మరి చెరకో?” అందురేమో. 1937లో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఇచ్చటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. ఈ యొక్క విషయమున కోతులపై నేరము మోపరాదు. అది మనుషులే చేసిరి.

వ్యాకరణ విశేషము: “వస్తయ్” భవిష్యత్తా, తద్ధర్మమా? రేపు వత్తురను భయమైనచో భవిష్యత్తు. పెరటిగోడ మీది గుంపును చూచిన పిదప తద్ధర్మమే సాధువని మా నిర్ణయము.

ప్రమాణము: సుందరకాండలో వానరులు మధువనము పాడుచేయగా కావలివాడు దధిముఖుడు దెబ్బలు తిని మొరపెట్టుకొనెను. విన్న సుగ్రీవుడు సంతోషించెను. తోట పోయినవాని మొర రాజుగారి చెవికి శుభవార్తగా వినబడుట కిష్కింధతో ఆగినదనుకొనుట పొరపాటు.

పాఠాంతరము: 2015లో మొక్కలు నాటు హరితహారము వేళ “వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె” అని సర్కారు పాఠము. వాపస్ అనగా వచ్చిన చోటికి, అనగా అడవికి. ఆ అడవి నరికి చేను చేసినదెవరని కోతులు అడుగలేదు, మర్యాదస్థులు. 2020లో పొరుగున నిర్మల్‌లో వీరికి కుటుంబ నియంత్రణ చేయు కేంద్రము వెలసెను. సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయల కూలికి మనిషికి ఎలుగుబంటి వేషము కట్టించి చేనిలో తిప్పెను. మనిషి జంతువుగా మారి కోతికి జడుపు పుట్టించుట ఏ అలంకారమో లాక్షణికులు తేల్చవలెను.

తాత్పర్యము: బీరకాయ తినగోరువారు సంచి పట్టుకొని అంగడికి పోవలెనని భావము. పసుపును ఏలికలు ముట్టరు. అది పెరట్ల పెట్టుకోవచ్చును.