కత్తెరకు భయపడిన గుడ్డను

నేను బొగొలాన్‌ని. మాలీ దేశపు మట్టి అద్దకం గుడ్డను. మా దగ్గర నేత మగవాళ్ల పని. జానెడు వెడల్పు కూడా లేని పట్టీలు నేసి, అంచుకు అంచు కలిపి కుడతారు. సంప్రదాయంగా ఆ తర్వాతదంతా ఆడవాళ్ల చేతిలోనే. ఆకులు నానబెట్టిన నీళ్లలో ముంచితే పసుపుపచ్చగా తేలతాను. ఆరాక, కుండలో ఊరబెట్టిన బురద తీసుకొని నా మీద పూస్తారు. ఆకులోని వగరూ బురదలోని ఇనుమూ కలిసి నల్లబడతాయి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. కరక్కాయతో, తుప్పు ఇనుముతో వాళ్లు నలుపు తెప్పించేదీ ఇలాగే. తేడా ఎక్కడంటే, నా మీద ముగ్గు గీయరు. ముగ్గు చుట్టూ ఉన్న జాగానంతా నల్లగా నింపుకుంటూ వస్తారు. నింపకుండా వదిలిందే ముగ్గు.

వేటగాళ్లు నన్ను తొడుక్కుంటారు. బాలింతలు చుట్టుకుంటారు. అలాంటిదాన్ని పారిస్‌లో ఒక పెట్టె అడుగున పడి ఉన్నానంటే కారణం సెయ్దు నూరు దుంబియా.

అతను 1949లో మాలీ రాజధాని బమాకో పక్కనున్న కాటిలో పుట్టాడు. తల్లి బట్టల మీద పూలు కుట్టేది. పదహారేళ్లొచ్చేసరికి ఊళ్లో దర్జీ దగ్గర పనికి కుదిరాడు. తర్వాత వగడుగు, అబిజాన్ నగరాలు, 1970ల మొదట్లో పారిస్. ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ మీద అభిమానంతో పేరు ముందు ‘క్రిస్’ తగిలించుకొని క్రిస్ సెయ్దు అయ్యాడు. ఇంటికొచ్చినప్పుడు బంధువులు కానుకగా ఇస్తే నన్ను పెట్టెలో పెట్టుకెళ్లాడు.

కోయడానికి మాత్రం చాన్నాళ్లు చేయి రాలేదు అతనికి. ఊరి గుర్తుగా దాచుకున్న గుడ్డ మీద కత్తెరెలా పెడతాడు? నా భయం నాదీ. నేనేమో మందం, బరువు. పైగా ఒక్కో మూల ఒక్కో ముగ్గు. అడ్డదిడ్డంగా కోస్తే భుజం మీద సగం ముగ్గు, నడుం దగ్గర ఇంకోదాని తోక!

చివరికి కోశాడు. అయితే దర్జీ బుద్ధితో కోశాడు. నా ముగ్గుల్లోంచి ఒక్కటి ఏరి, దాన్నే గుడ్డంతా వేయించి, అప్పుడు కత్తిరించేవాడు. బాలింతల గుడ్డ కాస్తా మినీ స్కర్టూ కోటూ అయింది. పెద్దలు ముఖం చిట్లించి ఉంటారు, నేను కాదనను. కానీ అంతకుముందు నన్ను పల్లెటూరి గుడ్డ అని పక్కన పెట్టిన పట్నం వాళ్లే ఆ తర్వాత అడిగి మరీ కుట్టించుకున్నారు.

1981లో అబిజాన్ వచ్చేశాడు, 1990లో బమాకో. ఆ ఏడాదే ఒక మిల్లుతో కలిసి నా ముగ్గులతో అచ్చు బట్ట తీయించాడు. అది నాకు సవతి. చవక కదా, నేను వెళ్లలేని ఇళ్లకూ అది చేరగలిగింది. ఆ విషయంలో అతని మీద నాకు కాస్త కోపముంది, దాచుకోను.

1994 మార్చిలో బమాకోలోనే పోయాడు. నలభై అయిదు నిండలేదు.

బొగొలాన్ అని ఎవరైనా అమ్మజూపితే బొమ్మ చూసి మోసపోకండి. వేళ్లతో తడమండి. పట్టీకీ పట్టీకీ మధ్య కుట్టు తగలకపోతే అది మిల్లు బట్టే, నా ధర ఇవ్వకండి.