దోమది ఫస్ట్ షిఫ్టు, పొగది సెకండ్ షిఫ్టు

బొగ్గుబాయిల ఊరు గోదావరిఖనిలో మూడు షిఫ్టులు నడుస్తాయన్న సంగతి మనకంటే దోమలకే బాగా తెలుసు. డెంగ్యూ మోసే ఏడిస్ దోమది ఫస్ట్ షిఫ్టు. పొద్దున్నే డ్యూటీ ఎక్కుతుంది, మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తుంది, పొద్దుగూకే ముందు ఓవర్‌టైం చేసి మరీ దిగుతుంది. ఆ తర్వాత చార్జి తీసుకునేవి మలేరియా మోసే అనాఫిలిస్, బోదకాలు మోసే క్యూలెక్స్. తెల్లారేదాకా నైట్ షిఫ్టు వాటిదే. నాగా పెట్టవు, సమ్మె చేయవు. ప్లేడే, అంటే వారపు సెలవు అయినా సరే, మస్టర్ పడాల్సిందే.

వీటిని ఎదుర్కొనే మన సైన్యం మాత్రం ఒకే షిఫ్టులో వస్తుంది. వానాకాలంలో నలుగురికి జ్వరాలు వచ్చాక, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఓ సాయంత్రం చీకటి పడ్డాక పొగ మిషన్ గల్లీలోకి దిగుతుంది. ముందు పొగ, వెనక పిల్లల పరుగు, ఆ వెనక సెల్‌ఫోన్‌లో ఫొటో. పొగ ఇంట్లోకి రాకుండా మనం టపటపా కిటికీలు మూసేస్తాం. అప్పటికి ఏడిస్ దోమ డ్యూటీ దిగి మన మంచం కిందో, తలుపు తెర వెనకో విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. దానికి పొగ తగలకుండా కాపలా కాసేది మనమే. బయట ఎగిరే నాలుగు దోమలు చస్తాయి. నీళ్లలో ఉన్న దోమ పిల్లలకు ఆ పొగ వాసన కూడా తగలదు.

ఆ పిల్లలను మొన్న దగ్గరగా చూశాను. ఎండాకాలం పోయి రెండు నెలలైనా మా పక్కింటి వాకిట్లో కూలర్ అలాగే ఉంది. మూత తీస్తే అడుగున వేలెడు నీళ్లు. అందులో వెంట్రుక ముక్కల్లాంటివి తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడుతున్నాయి. నా నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి జారుకున్నాయి. పక్కింటాయన తొంగిచూసి, "గవి దోమలు గాదన్నా, నీళ్లపురుగులు. ఏంజేస్తయ్ పాపం!" అన్నాడు. నిజమే, ఆ రోజుకు ఏమీ చేయవు. వారం పదిరోజులాగితే రెక్కలొచ్చి డ్యూటీలో చేరతాయి.

అన్నట్టు, సింగరేణి ఊళ్లలో తల్లిదండ్రుల కొలువు బిడ్డకు దక్కే డిపెండెంట్ ఉద్యోగం అంటే ఎన్ని కాగితాలో, ఎన్ని తిరుగుళ్లో! ఏడిస్ తల్లికి ఆ బాధ లేదు. గోలెంలో నీటి అంచుకు కాస్త పైన గోడకు గుడ్లు అంటించి పోతుంది. నీళ్లు పారబోసినా, గోలెం ఎండినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలిన రోజే అందరికీ ఉద్యోగాలు. అందుకే గోలెం ఒంపితే సరిపోదు, లోపల గోడలు రుద్ది కడగాలి. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ టైరు మనిషి కంటే ఎత్తుంటుంది. దోమకు అంత బంగళా అక్కర్లేదు, దొడ్లో పడేసిన స్కూటర్ టైరు చాలు.

మనకు మాత్రం టైరు ఎవరిది, కాలువ ఎవరి హద్దులోది, ఫినాయిలు ఎవరి ఖాతాలోది అన్న పంచాయితీ తెగదు. అది తెగేలోపు దోమ రెండు తరాలను చూస్తుంది. తర్వాత మనం దవాఖానలో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత. జ్వరం వచ్చాక బొప్పాయి ఆకులు పట్టుకోవడం మన కాలపు సామెత.

మలేరియా దోమ గుట్టు మొదట రట్టయింది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. తన దోమల చేత కుట్టించుకున్న రోగికి దోమకు ఒక అణా చొప్పున లెక్కగట్టి ఇచ్చాడు. అప్పట్లో కుట్టించుకుంటే డబ్బులొచ్చేవి. ఇప్పుడు కుట్టించుకుని మనమే బిల్లు కడుతున్నాం. ఆనాటి నుంచి దోమ తన అలవాటు దాచుకున్నదీ లేదు, మార్చుకున్నదీ లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు గోలెం నింపి, మూత తీసి పెట్టేది ఇంటివాళ్లే కదా, ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు?

బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, సరేనన్నాకే మనిషి పనిలోకి దిగుతాడు. కనిపించని పగులును చెవితో పట్టే ఊరు ఇది. ఆ మనిషే షిఫ్టు దిగి ఇంటికొచ్చి, కూలర్ పక్కనే కుర్చీ వేసుకుని, కాలి మీద దోమను చరుచుకుంటూ అడుగుతాడు: "ఈసారి పొగ ఇంకా కొట్టలేదేందే?"