నంబరు ప్లేటుకు టీకాతాత్పర్యము

మూలము:
టీజీ 09 బి 12××

(పంజగుట్ట కూడలిలో, మా ముందు కారు వెనుకభాగమున లభ్యము. కడపటి రెండంకెలు గ్రంథపాతము. లేఖకదోషమని కొందరందురు గాని, అంకెలపై అంటించిన నల్లటేపును చూచిన పిమ్మట చలానుభయమే కారణమని నిశ్చయించితిమి.)

ప్రతిపదార్థము: టీజీ = తెలంగాణమందు; 09 = ఖైరతాబాదు రవాణా కార్యాలయమున; బి = 'ఎ' అక్షరము 9,999 బండ్లతో నిండిపోగా తరువాయిగా తీసిన అక్షరముతో; 12×× = వరుసలో ఎక్కడనో నమోదైనదై; (ఈ కారు) కదలకున్నది. 'కదలకున్నది' అనునది మూలమున లేదు, సందర్భమును బట్టి తెచ్చుకొనవలెను.

పాఠాంతరములు: 'ఏపీ 09' ప్రాచీనపాఠము. 2014 తరువాత 'టీఎస్ 09'. 2024 మార్చి నుండి 'టీజీ 09'. పాతబండ్లకు ప్లేటు మార్చనక్కరలేదన్నారు గనుక మూడును సాధువులే. ఒకే సిగ్నలు వద్ద మూడును పక్కపక్కన నిలిచియుండును. 1989కి పూర్వపు ప్రతులలో మూడక్షరములు, నాలుగంకెలు. అట్టి ప్రతి నేడు దొరకుట అరుదు. దొరికినను వెనుకనుండి తోయవలెను.

ఛందస్సు: యతి ప్రతి సిగ్నలు వద్దను. గణములు లెక్కకు రావు.

తాత్పర్యము: పూర్వము కారనగా అంబాసిడరు, లేనిచో ఫియట్టు. సొమ్ము కట్టి ఏండ్లతరబడి ఎదురుచూచెడివారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చెను. వెల సుమారు 47,500 రూపాయలు. అదియు గుమాస్తాగారికి అందలేదు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కరలేదనగా కంపెనీలు బారులుతీరెను, వాని వెంట బ్యాంకులు నెలవాయిదాలతో వాకిట నిలిచెను. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ లేచెను, ఆ యేడే శాంట్రో కారు దిగెను. ఉద్యోగము పడమటికి పోయెను, ఇల్లు దిల్‌సుఖ్‌నగరులోనే ఉండెను. నడుమ కారు కొనిరి. ఎదురుచూపు మాత్రము పోలేదు, షోరూము నుండి సిగ్నలుకు మారినది.

శంక: మరి ఫ్లైఓవరులు కట్టిరి గదా? మెహదీపట్నము నుండి ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే 2009లోనే తెరిచిరి గదా?

సమాధానము: కట్టిరి. దారి ఖాళీగా ఉన్నదని వినగానే అంతవరకు బస్సెక్కినవారును కారు తీయుదురు. అందరును వంతెన దిగుచోట కలిసికొందురు.

శంక: అక్షరములలో 'జెడ్' మాటేమి?

సమాధానము: అది ఆర్టీసీది. సిటీబస్సు మొదలు దూరపుబస్సు వరకు అన్నియు ఆ ఒక్క జెడ్డుతోనే సరిపెట్టుకొన్నవి. ఏబదిమంది కూర్చున్న బస్సుకు ఒక నంబరు, ఒక్కరు కూర్చున్న కారుకు ఒక నంబరు. రవాణాశాఖ బండ్లను లెక్కించును, లోపలివారిని గాదు. వ్యాఖ్యాత ధర్మము గనుక పక్క కార్లలోనికి తొంగిచూచితిమి. స్టీరింగు వద్ద ఒకరు. పక్కసీటులో లాప్‌టాప్ సంచి, దానికి సీటుబెల్టు. వెనుక టిఫిను డబ్బా. పక్కనే నిలిచిన జెడ్డులో ఫుట్‌బోర్డు మీద వ్రేలాడు కుఱ్ఱవాడొకడు ఆ ఖాళీసీట్ల వంకే చూచుచుండెను. అతనిదే సరియైన వ్యాఖ్య కావచ్చును.

అలంకారము: 9999. ఖైరతాబాదులో దీనిని వేలము వేయుదురు. లక్షల రూపాయలు పెట్టి పాడుకొనువారు కలరు. అట్టి కారొకటి మా వెనుకనే నిలిచి హారను మ్రోగించుచున్నది.