పులసలను అరెస్టు చేయండి!

ఎడిటరు గారూ! కోనసీమ నుంచి మీకో బ్రేకింగ్ న్యూస్. శ్రావణంలో గోదావరి పాయలు గౌతమి, వశిష్టల్లో వలలకు పులస చేప పడుతుంది. ఆ రోజుల్లోనే ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, లంకల కాజ్‌వేలు మునుగుతాయి. ఇంకా ఆలోచిస్తారేం? బ్యానర్ కట్టేయండి: 'గోదావరికి వరద తెస్తున్నది పులసే!'

ఎర్రటి వరదనీరు వచ్చాకే పులస ఎదురీదుకొస్తుందని రాజోలులో చేపలమ్మే ఆవిడైనా చెబుతుంది. కానీ ఆవిడ మాటకు టీఆర్పీ రాదుగా!

నవ్వకండి. ఇంతకంటే ఘనకార్యమే 2020లో చేశారు. క్షయ టీకా బీసీజీని అందరికీ వేసే దేశాల్లో కోవిడ్ మరణాలు తక్కువగా కనబడుతున్నాయని ఆ మార్చిలో ఓ పత్రం వచ్చింది. అప్పటికి సాటి నిపుణులెవరూ దాన్ని సరిచూడలేదు. అందులో ఉన్నవి దేశాల సగటు లెక్కలే. ఏ దేశంలో ముసలివాళ్లెందరు, టెస్టులెన్ని, వైరస్ ఎప్పుడు దిగింది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. అడిగే తీరికేదీ? తెల్లారేసరికి భుజం మీది మచ్చ కవచకుండలమైపోయింది. ఆధారాల్లేవని ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటకు ఆ మచ్చంత చోటు దొరికితే గొప్ప.

మనదేశంలో బీసీజీ మొదలైంది 1948లో, మన మదనపల్లెలోనే. అమలాపురంలో ఏ చొక్కా చెయ్యి మడిచినా మచ్చే. అయినా 2020లో రాష్ట్రంలో కేసుల లెక్కన మా ఉమ్మడి తూర్పు గోదావరే ముందుంది. మీ తర్కం ప్రకారం 'కరోనా తెచ్చింది బీసీజీయే' అని రాయాలి. రాయకండి బాబూ, అదీ తప్పే! తేల్చాల్సింది పరీక్ష. వైద్య సిబ్బందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు బీసీజీ ఇచ్చి చూసిన బ్రేస్ ట్రయల్ ఫలితం 2023లో వచ్చింది. కోవిడ్ ముప్పు తగ్గలేదు. దానికి బ్యానర్ కట్టారా?

ఇలాంటి లెక్కే ఇంకోటి. 2012లో ఓ వైద్యపత్రిక 23 దేశాల లెక్క తీసి, చాక్లెట్లు ఎక్కువ తినేచోట నోబెళ్లూ ఎక్కువని వేసింది. ఇది కారణానికి రుజువు కాదని రాసినాయనే చెప్పాడు. డబ్బున్న దేశం చాక్లెట్టూ కొంటుంది, ప్రయోగశాలా కడుతుంది. తీపికే నోబెల్ వస్తే ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపుతో సరిపెడతారా?

శీర్షిక పెట్టేముందు మూడడగండి: ఎవరిని ఎవరితో పోల్చారు? రెంటినీ లాగే మూడోది ఏమైనా ఉందా? ఎవరైనా పరీక్షించి చూశారా? అడిగితే వార్త చప్పబడుతుందంటారా? పడనివ్వండి. చప్పటి వార్త నమ్మి మాస్కు తీసేసినవాడు ఒక్కడూ లేడు.