టెక్సాస్‌ను వణికించిన ఆదోని రైతు

మన పత్తిరైతు మీద అమెరికా ఫిర్యాదు పెట్టిందన్న సంగతి ఆదోనిలో ఎవరికైనా తెలుసా? 2018 నవంబరులో పెట్టింది. ఊళ్లో గట్టు తగాదా పెట్టుకుంటేనే నోటీసు ఇంటికొస్తుంది. జెనీవాలో, ప్రపంచ వాణిజ్య సంస్థలో పెట్టిన తగాదాకు ఆపాటి మర్యాద కూడా లేదు. భారతదేశం మద్దతు ధర పేరుతో పత్తి పంట విలువలో 53 నుంచి 81 శాతం దాకా రైతు చేతిలో పోస్తోందట. పది శాతం దాటకూడదని ఒప్పందం. అంటే కోసిగి, హొళగుంద, ఆస్పరి చేలల్లో పత్తి వేసినవాళ్లు సర్కారు సొమ్ము తెగ మెక్కి, టెక్సాస్ రైతు పొట్ట కొడుతున్నారన్నమాట!

మరి అంత సొమ్ము కళ్లజూసినవాడు, పంట చేతికి రాగానే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను అరుగు మీద వదిలి, బడికి పోయే పిల్లలను కూడా వెంటేసుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి (వలస కూలికి) ఎందుకు పోతున్నాడు? బహుశా గాలి మార్పు కోసం కావచ్చు. కలిగినవాళ్ల అలవాట్లు మనకేం తెలుసు?

ఆ లెక్క కట్టిన పద్ధతి వింటే మన మండీ గుమాస్తాలు సిగ్గుపడాలి. ఇవాళ్టి మద్దతు ధరలోంచి 1986-88 నాటి అంతర్జాతీయ ధరను తీసేస్తారు. మిగిలిందంతా సబ్సిడీయే. ఆ రోజుల్లో డాలరు 13 రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఫిర్యాదు నాటికి 70 దాటింది. ఎరువు పెరిగింది, పురుగుమందు పెరిగింది, పత్తి తీసే కూలీ పెరిగింది. జెనీవా పుస్తకంలో ధర ఒక్కటే రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉన్న కాలంలో ఆగిపోయింది. మనవాళ్లు డాలర్లలో లెక్క చూపి హద్దు దాటలేదన్నారు. అమెరికా అదే లెక్కను రూపాయల్లో కట్టి కొండను చేసింది. అసలు చమత్కారం ఇంకొకటుంది. ఆ తేడాను ప్రభుత్వం కొన్న పత్తితో గుణించరు, దేశంలో పండిన పత్తి మొత్తంతో గుణిస్తారు. మీరు మద్దతు ధర అందక తక్కువకే తెగనమ్ముకుని, సంచులు దులుపుకుని ఇంటికొచ్చినా సరే, మీ పేరున అక్కడ సబ్సిడీ జమ అయ్యే ఉంటుంది. తెచ్చుకోవాలంటే వీసా కావాలి, అంతే.

ఫిర్యాదుదారు చరిత్ర కూడా చూద్దాం. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ఇదే సంస్థలో కేసు వేసింది, గెలిచింది. 2005లో అప్పీలులోనూ గెలిచింది. ఓడినవాడు సబ్సిడీ మానుకోవాలి కదా? మానుకోలేదు. ఏటా 14 కోట్ల 73 లక్షల డాలర్లు మీ పత్తి రైతుల కోసం ఇస్తాం, మా జోలికి రాకండని 2010లో రాజీకి వచ్చాడు. 2014లో మరో 30 కోట్ల డాలర్లు పోసి కేసు మూయించాడు. తమ రైతుకు ఇచ్చే డబ్బు ఆగకూడదని ఎదుటి దేశపు రైతుకు కూడా డబ్బిచ్చిన దాత! వాళ్ల పుస్తకంలో తప్పు మనది.

డబ్బు పుచ్చుకునే స్థాయి లేనివాళ్లకు సలహా దక్కుతుంది. 2003లో అదే సంస్థ కాన్‌కున్ సమావేశానికి బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి వచ్చి, మా బతుకు పత్తి మీదే నడుస్తోంది, మీ సబ్సిడీలతో ధర పడిపోతోంది, ఆపండని మొత్తుకున్నాయి. ముసాయిదాలో వచ్చిన జవాబు: పత్తి మీద ఆధారపడటం తగ్గించి వేరే వాటికి మళ్లండి, అందుకు సాయం చూస్తాం. ఆకలన్నవాడికి అరుగుదల మాత్ర రాసిచ్చినట్టు.

సాయం కోసం చేయి చాచకండి, వ్యాపారం చేసుకుని బాగుపడండి అని పేద దేశాలకు అమెరికావాళ్లు ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. 2025లో ఆ పాఠం పూర్తయింది. జులై 1న తమ విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ దుకాణం కట్టేశారు, సాయం అయిపోయింది. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం వేశారు, వ్యాపారమూ అయిపోయింది. ఇక బాగుపడటం ఒక్కటే మిగిలింది.

ఎమ్మిగనూరుకు కూడా పాఠాలు చెప్పేవాళ్లున్నారు. క్లస్టర్ అంటారు, కెపాసిటీ బిల్డింగ్ అంటారు, ఫ్లెక్సీ కట్టి భోజనం పెట్టి ఫోటో తీసుకుని పోతారు. ఆ ఊళ్లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టింది 1938లో. పేద దేశాలకు పాఠాలు చెప్పే ప్రపంచ బ్యాంకుకు పునాది పడింది 1944లో. ఎవరు ఎవరి దగ్గర శిక్షణ తీసుకోవాలో లెక్క తెలిసినవాళ్లు చెప్పాలి.

బయటివాణ్ణి తిట్టి ఊరుకుంటే ఢిల్లీకి అన్యాయం చేసినట్టవుతుంది. అమెరికా సుంకం దెబ్బ పూర్తిగా పడకముందే, బట్టల మిల్లులను కాపాడాలని, పరదేశపు పత్తి మీది 11 శాతం దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేశారు. కొట్టబోయేవాడి పత్తికి కూడా మనమే తలుపు తీశాం. ఇంటి రైతుకు మాత్రం క్రమశిక్షణ కావాలి. 2025-26లో పొడుగు పింజకు క్వింటా 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించారు, కొనడానికి భారత పత్తి సంస్థ (సీసీఐ) ఉంది. ముందు కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కాలి, తర్వాత స్లాటు దొరకాలి, ఆ తర్వాత తేమ చూస్తారు. 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే బండి వెనక్కి. సముద్రం మీద తేలుతూ వచ్చే బేలుకు ఈ స్లాటు బాధ లేదు. “స్లాటు దొరికిందా పెద్దాయనా?” అని యార్డు గేటు దగ్గర అడిగి చూడండి. “స్లాటు సంగతి దేవుడెరుగు సామీ, ఫోనే నా కొడుకు సుగ్గికి ఎత్తుకపోయినాడు” అన్నా ఆశ్చర్యపోకండి.

సుంకం మాఫీ మొదట సెప్టెంబరు 30 దాకానే అన్నారు. తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆదోని యార్డుకు పత్తి దండిగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసినవాళ్లకు పంట కాలం తెలియదనుకుంటే వాళ్ల తెలివిని అవమానించినట్టే. తెలిసే చేశారు.