ప్రసంగాన్ని విశ్లేషించే వ్యాసం: బంగారుపాళ్యం పద్ధతి

సోమవారం ఇవ్వాల్సిన అసైన్‌మెంటయితే ఆదివారం రాత్రి దాకా ఆ ప్రసంగం జోలికి పోవద్దు. ముందే చదివితే దానిమీద ఒక అభిప్రాయం ఏర్పడే ప్రమాదముంది. ఏర్పడ్డాక దాన్ని నిరూపించాలి, ఎందుకొచ్చిన గొడవ? ఈలోగా తెల్లకాగితాలు కొని మార్జిన్లు గీసుకో. హెడ్డింగులకు రెండు రంగుల స్కెచ్ పెన్నులుంటే సగం పని అయినట్టే.

ఏ ప్రసంగమని బెంగ వద్దు. క్లాసులో అందరూ మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసినదే పట్టుకుంటారు, నువ్వూ పట్టుకో. లింకన్ విగ్రహాన్ని వెనకపెట్టుకుని ఎందుకు నిలబడ్డాడో, బానిసల విముక్తి ప్రకటనకు నూరేళ్లు నిండాయని మొదట్లోనే ఎందుకు గుర్తుచేశాడో అడక్కు. కల గురించిన ఆ పేరుమోసిన భాగం, చేతిలోని కాగితాల్లో లేకుండా అప్పటికప్పుడు అందుకున్నదని తెలిస్తే మరీ కష్టం. ఎందుకందుకున్నాడో రాయాల్సొస్తుంది.

అరిస్టాటిల్‌ను మాత్రం వదలొద్దు. ఈథోస్, పాథోస్, లోగోస్: పేరాకొకటి చల్లు. మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, వాదంలోని బలం అని అర్థాలు రాసి ఊరుకో. అవెలా పనిచేశాయో చెప్పబోకు. ‘శ్రోతల హృదయాలను హత్తుకుంది’ అన్న వాక్యం ఎన్నికల సభకూ పనికొస్తుంది, సంతాప సభకూ పనికొస్తుంది.

సొంత తీర్పు అసలే వద్దు. మన చిత్తూరు పక్క కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ అచ్చేసి, కళాపూర్ణోదయాన్ని తూకం వేసే పనిలో పాత ప్రబంధాలనూ కడిగేశారు. పండితులకు కోపమొచ్చింది. నీ పేపరు దిద్దేవాళ్లలోనూ పండితులుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, మామిడి సీజన్లో బంగారుపాళ్యం మార్కెట్ యార్డు దిక్కు పోవద్దు. 2025లో తోతాపురికి కిలో పన్నెండు రూపాయలన్నారు: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. వేదికెక్కినాయన పన్నెండును ఒకే అంకెగా గట్టిగా పలుకుతాడు. ఫ్యాక్టరీవాళ్లు పోయినేటి గుజ్జే ఇంకా అమ్ముడుపోలేదని నెమ్మదిగా మొదలుపెడతారు. గేటు ముందు ట్రాక్టరు పెట్టుకుని నిలబడ్డ రైతు ఒకటే అంటాడు: ‘కాయ మెత్తబడతా ఉండాది సామీ.’ అందులో తర్కముంది, బాధుంది, తోటవాడి మాట కాబట్టి నమ్మకమూ ఉంది. ఎదుటివాడికి లేని తొందర తనకుందని ఒప్పేసుకోవడమూ ఉంది, బేరంలో దెబ్బ తగిలేది అక్కడే. అది విని కూడా మండీ ఆయన ఫోను చూసుకుంటూ కూర్చుంటాడే, దాన్ని ఏ హెడ్డింగు కింద రాస్తావు?

ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లోనూ జాగ్రత్త. పగలు హరికథ వినేవాళ్లను చూసి నవ్వుకో, రాత్రి నాటకం వేళకు పడుకో. రాయబారం రాత్రి మేలుకున్నావో, పని చెడినట్టే. కృష్ణుడు అయిదూళ్లయినా ఇమ్మని దుర్యోధనుణ్ణి అడుగుతాడు. వాడివ్వడని తెలుసు. మరి అంతసేపు మాట్లాడేది ఎవరికోసం? సభలో తలొంచుకుని కూర్చున్న భీష్మద్రోణులకోసం, రేపు యుద్ధానికి కారణమెవరని అడగబోయే లోకం కోసం. కృష్ణుడి వేషగాడు మైకు సర్దుకునేలోపే ముందు వరుసలో చాపలేసుకున్న అవ్వలకు ఈ సంగతి తెలిసిపోయుంటుంది. వాళ్లకు అసైన్‌మెంటు లేదు కాబట్టి సరిపోయింది.

ఇంత చెప్పినా వినకుండా నువ్వు తెల్లవార్లూ భారతం చూసి, కాగితాల మీద మార్జిన్లు తప్ప ఇంకేమీ లేకుండా చిత్తూరు బస్సెక్కావనుకో. కళ్లెందుకు ఎర్రబడ్డాయని సార్ అడుగుతారు. నాటకం పేరెత్తొద్దు. రాత్రంతా కూర్చుని రాశాను సార్, ఇంటికాడ మరిచొచ్చాను అని నేల చూస్తూ చెప్పు. నేల చూడటం పాథోస్ కిందకు వస్తుంది.