వెనుదిరిగి చదువుట

సాహిత్యవిద్యార్థికిని సామాన్యపాఠకునికిని గల భేదము ఒక్క పెన్సిలు. సామాన్యుడు నవలను చదివి ముగించును. విద్యార్థి దానినిండ గీతలు గీచి, అంచున ‘ఇచట ధ్వని కలదు’ అని వ్రాసి, ముగింపునకు చేరకమునుపే పరీక్షకు పోవును.

అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ని బాల్యమున చదివినపుడు, పెండ్లిపందిరినుండి వరుని ఎత్తుకొనిపోవు ఆ గజదొంగ గుఱ్ఱమువెంట ఊపిరి బిగబట్టి పరుగెత్తితినే కాని, ఆ గుఱ్ఱము దేనికి ప్రతీక యని ఆపి అడుగలేదు. ఇప్పుడు బస్తరులోని జగదల్‌పూరున కాపురముండి, దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చదువుచు అదే గ్రంథమును తెఱవగా, పాపమా గుఱ్ఱము నాలుగడుగుల కొకమారు నిలిచి నాకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చుచున్నది. దొంగవేషమున రాజభక్తుడు, పురుషవేషమున పెరిగిన రుద్రమదేవి, ఇట్లు గ్రంథమంతయు మాఱువేషములే యనియు, రచయిత చిత్రకారుడగుటచేతనే వర్ణనలకు అంతటి వన్నె అబ్బినదనియు, హైదరాబాదున ‘మీజాన్’ పత్రికకు సంపాదకత్వము వహించినవాడు ఓరుగల్లును తలచుట కాకతీయమే కాని కాకతాళీయము కాదనియు అంచులనిండ వ్రాసికొంటిని.

గోల్ బజారులో కిరాణాకొట్టు నడుపు మా బాబాయి ఒకనాడు, “ఏరా, ఇంతకీ ఆ దొంగ దొరికాడా?” అని అడిగెను.

“దొంగ కాదు బాబాయ్, అధర్మాధికారంపై తిరుగుబాటుకు ప్రతీక.”

“అయితే వాడికి అరువు ఇవ్వొచ్చన్నమాట!”

విమర్శకు ఇంతకు మించిన విమర్శ లేదు కదా! అయినను ఈ ఊరిలో ఆ నవలను పైపైన చదువుట కుదురదు. పాఠ్యగ్రంథము 1323తో కాకతీయుల కథకు మంగళము పాడును. ఇక్కడివారు అప్పుడే నాంది పలుకుదురు. రుద్రమదేవి మనుమడు ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడే తమ మూలపురుషుడని బస్తరురాజులు చెప్పుకొనిరి. దిక్పాలదేవుని 1703 నాటి దంతెవాడ శాసనమును ఆ మాటయే పలికినది. 1948లో సంస్థానము విలీనమగువఱకు ఆ వంశమే ఏలినది.

ఐతిహ్యము మఱియు చిత్రమైనది. వెనుదిరిగి చూడనంతవఱకు నీవెంట వత్తుననియు, నడిచినంత భూమియు నీదగుననియు దేవి అన్నమదేవునకు మాట యిచ్చెనట. శంఖినీ డంకినీ సంగమమున అందెలు ఇసుకలో కూరుకొని సవ్వడి ఆగగా, ఆయన వెనుదిరిగెను. దేవి అచ్చటనే నిలిచి దంతేశ్వరి యయ్యెను. రాజునకు భూమి తఱిగినది. బస్తరునకు మాత్రము వేల్పు దక్కినది. రావణుని ఊసులేక డెబ్బదియైదు దినములు సాగు ఇక్కడి దసరా ఆమెదే.

తొలిపఠనము అట్టి దిగ్విజయయాత్ర: చప్పుడు వినబడుచున్నంతసేపు ముందుకే నడక. మలిపఠనమున నడక ఆగును, కాని ఆగినచోట గుడి వెలయును. ఒక్కమారు వెనుదిరిగిన అన్నమదేవునకే ఇంతటి ఫలము దక్కగా, పుటపుటకును వెనుదిరుగు విద్యార్థికి విశ్వవిద్యాలయము ఉత్తీర్ణతకు చాలినన్ని మార్కులైన ప్రసాదింపకుండునా?